జేబులో బరువు

గ్లవ్ అంచును రెండు చేతులతో పట్టుకుని చాపలా చుట్టుకుంటూ వస్తోంది ఇంద్రజ. అలా చుడితే లోపలి గాలంతా వేళ్లలోకి పోయి ఇరుక్కుంటుంది, రబ్బరు వేళ్లు ఐదూ ఉబ్బి నిలబడతాయి. అప్పుడు దాన్ని ముందు చెంపకు, తర్వాత చెవికి దగ్గరగా పెట్టుకోవాలి. సూది మొనంత చిల్లున్నా చెంపకు చల్లగా తెలుస్తుంది, చెవికి సన్నగా వినిపిస్తుంది. లైన్‌మన్‌గా చేసే భర్త భాను దగ్గర రెండు జతలున్నాయి. ఒక జత చేతికుంటే ఒక జత ఇంట్లో ఉంటుంది. సాయంత్రం విప్పిన జతను సబ్బు నీళ్లలో కడిగి, నీడలో ఆరేసి, మర్నాడు పొద్దున గచ్చు మీద పాత పేపరు పరుచుకుని చిల్లులు చూసి, లోపల పౌడరు చల్లి పెట్టడం పెళ్లయినప్పటినుంచీ ఆమె పని. ఎవరూ చెప్పలేదు, తనే తీసుకుంది. కొందరు ఆడవాళ్లు పొద్దున్నే బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఆమె గ్లవ్స్‌లో చిల్లులు ఏరుతుంది. ఈ రోజు చెవికి బాగా వినిపిస్తోంది. కరెంటు లేదు కదా, గల్లీ మొత్తం గొంతు తగ్గించింది. చిలకలగూడలో ఇంత నిశ్శబ్దం మామూలుగా ఉండదు. మిక్సీలు లేవు, టీవీలు లేవు, పక్కింటి మోటారు లేదు. రైల్వే స్టేషన్‌లో ఏదో బండి ఆలస్యమని చెబుతున్న గొంతు మాత్రం ఎండలో తేలుతూ వస్తోంది.

తలమీద ఫ్యాను ఆగి ఉంది. దాని స్విచ్చు వేసే ఉంది, ఇంద్రజే అలా ఉంచింది. భాను ఈ రోజు ఎక్కడికో దూరం పోలేదు. వానలకు ముందు ఈ గల్లీలోనే పాత తీగలు తీసేసి కేబుల్ వేస్తున్నారు. మూల మీది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసి పెట్టుకుని, అతనూ అతని జట్టూ స్తంభం తర్వాత స్తంభం ఎక్కుతూ ఇటు వస్తున్నారు. ఒప్పందం ఏమిటంటే, పని అయ్యి అందరూ కిందికి దిగాక, ఫ్యూజులు తిరిగి పెట్టే ముందు భాను ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. ముందు ఫోను, తర్వాత ఫ్యాను. ఆ వరసలో జరిగితే ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. ఫోను మోగకుండా ఫ్యాను కదిలితే మాత్రం, స్తంభం మీద చేతులుండగానే తీగలో కరెంటు నడిచిందని అర్థం. వేసవిలో అందరూ ఎప్పుడు తిరుగుతుందా అని ఫ్యానును చూస్తారు. ఆమె తిరగకుంటే బాగుండునని చూస్తోంది. మూడు రెక్కల్లో ఒకదాని అంచున దుమ్ము గీతలా పేరుకుంది. ఆ గీత కిటికీ వైపే చూపిస్తోంది ఇప్పటికైతే.

రెండో గ్లవ్ చుట్టింది. చిటికెన వేలు దగ్గర రబ్బరు కాస్త తెల్లబారింది, కానీ గాలి పోవడం లేదు. మధ్యాహ్నం ఆమెకూ డ్యూటీ ఉంది. సైనిక్‌పురి అవతల సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. చేరిన కొత్తలో పని నేర్పిన రఘునాథ్ సారు ఆమెను బ్రేకరు పెట్టె ముందు నిలబెట్టి అడిగాడు, ఇది ఆఫ్‌లో ఉందా ఆన్‌లో ఉందా అని. పెట్టె మీద ఆకుపచ్చ బిళ్ల ఆఫ్ అని చూపిస్తోంది. ఆఫ్‌లో ఉంది సార్ అంది. "బిళ్ల చెప్పింది గద అని నమ్మినవా అమ్మా? బిళ్ల గూడ ఒక రేకు ముక్కనే. ఇరుక్కపోతది" అన్నాడు. తర్వాత బయటి యార్డులోకి తీసుకుపోయి, తలెత్తి చూడమన్నాడు. తీగను గాలిలో విడదీసే ఏబీ స్విచ్చు కత్తులు మూడూ పైకి లేచి, వాటికీ తీగలకూ మధ్య ఆకాశం కనిపిస్తోంది. ఒక పిట్ట కూడా ఆ సందులోంచి ఎగిరిపోయింది. బ్రేకరు బలమైనది, ఎంత కరెంటు పారుతున్నా తెంపగలదు, కానీ తెంపే పనంతా మూసిన సీసాలో చేస్తుంది, ఎవరికీ కనపడదు. ఈ కత్తులకు పారే కరెంటును తెంపే శక్తి లేదు, తెంపబోతే మండిపోతాయి, కానీ తెగిందని కంటికి చూపిస్తాయి. అందుకని ముందు బ్రేకరు, తర్వాత కత్తులు. తిరిగి కలిపేటప్పుడు ముందు కత్తులు, తర్వాత బ్రేకరు. ఈ రెండూ తారుమారైతే యార్డులో సూర్యుడు దిగుతాడు. ఊళ్లో బడిలో ప్రేమమణి టీచరు టార్చిలైటు విప్పి, అందులోని ఇత్తడి రేకును వేలితో ఎత్తిపట్టి చూపించిన రోజు గుర్తొచ్చింది. కరెంటు ఇయ్యడం బ్యాటరీ చేస్తది, ఆపడం ఈ రేకు చేస్తది, ఆపడానికి గూడ ఒక వస్తువు కావాలె అంది టీచరు. తరగతిలో వెనక బెంచీలో కూర్చున్న ఇంద్రజకు ఆ రేకు మీద ఎందుకో జాలి కలిగింది. ఎవరూ దాన్ని చూడరు. పాడైతే తప్ప దాని పేరు ఎత్తరు.

తలుపు వెనక మేకు ఖాళీగా ఉంది. అక్కడ ఉండాల్సిన గొలుసు భాను తీసుకుపోయాడా, కిందున్న స్కూటరు డిక్కీలోనే వదిలేశాడా, ఆమెకు తెలియదు. తాళంచెవి అతని దగ్గరే ఉంది. గొలుసంటే రాగి తీగ జడ, కొసలకు బిగింపులు. ఒక కొస ముందు భూమిలో దిగేసిన కడ్డీకి, రెండో కొస కర్రతో ఎత్తి తీగలకు తగిలించాలి. అప్పుడు ఎక్కడినుంచైనా దొంగతనంగా కరెంటు వస్తే మనిషి దాకా రాకుండా భూమిలోకి పోతుంది. మొన్న రాత్రి అన్నం దగ్గర దాని మీదే మాట పెరిగింది. ఒక స్తంభం దగ్గర పనయ్యి ఇంకో స్తంభానికి పోయినప్పుడల్లా గొలుసు విప్పి మళ్లీ తగిలించాలంది ఆమె. "రెండు పోళ్ల నడుమ ఎంత దూరం ఉంటదే, ఫ్యూజులు జేబుల పెట్టుకుని ఎక్కుతం గద" అన్నాడు. జట్టులో వాళ్లు నవ్వుతున్నారట. భాను పెండ్లాం వానికి తాళి కట్టిందిరా, రాగి తాళి, పోలు పోలుకు ముడేస్తుండు అని. చెప్పి తనూ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నవ్వి ఉండాల్సింది. నవ్వితే మనసులో పెట్టుకుని తీసుకుపోయేవాడు. నవ్వకపోతే మొండికి పడతాడు. పొద్దున పోయేటప్పుడు ఆమె వంటింట్లో ఉంది, సంచిలో ఏదో గలగలమంది. అది గొలుసా, టిఫిను డబ్బాలో స్పూనా?

కిందినుంచి పుష్పమ్మ పిలుపు వచ్చింది. పుష్పమ్మ ఇంటి ఓనరు, కింది గదిలో పాల బూతు నడుపుతుంది. పెరుగు డబ్బాలు, ఐస్‌క్రీములు పెట్టే పెద్ద ఫ్రీజరుంది. "సదాశివన్నా, ఓ సదాశివన్నా. జెర దిగుతవా? ఐస్‌క్రీమంతా పాయసమైతాంది." తలుపు దగ్గర కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న మామ సదాశివ లేచాడు. పిలుపు కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాడు. లైన్‌మన్‌గా రిటైరైనా సదాశివ పొద్దున్నే ఖాకీ చొక్కా వేసుకుంటాడు, జేబుకు టెస్టరు పెట్టుకుంటాడు. "వస్తున్న పుష్పమ్మా, ఫ్రీజరు మూత తియ్యకు" అని దిగిపోయాడు. ఇంద్రజ చేతిలో గ్లవ్ మెత్తబడింది. గాలి ఎప్పుడు వదిలేసిందో తెలియలేదు.

పుష్పమ్మ జనరేటరుకు మారుపు స్విచ్చు లేదు. అదుంటే ఇటు తిప్పితే వీధి కరెంటు, అటు తిప్పితే జనరేటరు, రెండూ ఎన్నటికీ కలవవు. మామ ఎప్పుడో సర్వీసులో ఉన్నప్పుడు అదెందుకు దండగ అని, రెండు కొసలకూ మగ ప్లగ్గులున్న ఒక వైరు తయారు చేశాడు. ఒక కొస జనరేటరుకు, ఒక కొస గోడ సాకెట్టుకు. అంతే, బూతు మొత్తానికి కరెంటు వచ్చేస్తుంది. కానీ సాకెట్టుకు ఇటు అటు తెలియదు. మీటరు పక్కన బోర్డులో ఉన్న చైనామట్టి ఫ్యూజు గ్రిప్పు తీయకుండా జనరేటరు పెడితే, కరెంటు బూతులో ఆగదు. వచ్చిన దారినే వెనక్కి, సర్వీసు తీగ వెంబడి స్తంభం దాకా, అక్కడినుంచి గల్లీ అంతా పాకుతుంది. అందుకని ముందు గ్రిప్పు తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఇది లైన్‌మన్ల పాత అలవాటు. పని చేస్తున్నంతసేపూ గ్రిప్పు జేబులోనే ఉండాలి, బల్ల మీద పెట్టరు, పక్కవాడికి ఇవ్వరు. జేబు బరువుతో కిందికి వేలాడుతుంటే ఆ ఇంట్లో ఇంకెవరూ కరెంటు పెట్టలేరని అర్థం. చనిపోయేముందు అత్త ఒకసారి చెప్పిందట, ఈయన చొక్కాలన్నిటికీ ఎడమ జేబే ముందు చినుగుతది అని. ఇంద్రజ భానుకు చెప్పింది, ఆ వైరు తీసేసి మారుపు స్విచ్చు పెట్టించమని. "నాయిన ఉన్నడు గద, ఆయన చేతికి అంతా ఎరుకే" అన్నాడు. "మనిషిని స్విచ్చు లెక్క వాడొద్దు" అంది. ఆ మాట అతనికి తగిలింది. తన తండ్రి గురించి ఆమె ఏం చెప్పబోతోందో అతనికి తెలుసు. తెలుసు కాబట్టే దాన్ని మాట దాకా రానివ్వడు.

కిందినుంచి పుష్పమ్మ గొంతు, "అయ్యో పెట్రోలు అడుగంటింది అన్నా." మామ గొంతు, "నీ స్కూటీలకెల్లి తియ్యి జెరంత. నేనన్నీ పెట్టిన, నువ్వు తాడు గుంజుకుంటె ఐపాయె. నా భుజం నొస్తాంది." మెట్ల మీద చెప్పులు. ఆయన వస్తున్నాడు. ఇంద్రజ తలెత్తకుండానే చూసింది. గుమ్మంలో వెలుతురు ఆయన వెనకనుంచి వస్తోంది. ఎడమ జేబు. టెస్టరు క్లిప్పు మెరుస్తోంది. జేబు ఇస్త్రీ మడత చెడకుండా, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు నిటారుగా ఉంది.

ప్యాంటు జేబులో పెట్టుకుని ఉండవచ్చు. కుర్చీలో కూర్చున్నాడు, కూర్చునేటప్పుడు గట్టి వస్తువేదీ ఒత్తుకున్నట్టు కదల్లేదు. బోర్డు పైనే పెట్టాడేమో. ఆయన ఎన్నడూ అలా పెట్టడు. ఎన్నడూ చేయనివి ఈ మధ్య చేస్తున్నాడు. మొన్న టీ గ్లాసు తీసుకుపోయి బట్టల బీరువాలో పెట్టాడు. కూరగాయలకని పోయి బోయిగూడ వైపు దారి తప్పి తిరుగుతుంటే ఎవరో ఆటోవాడు గుర్తుపట్టి తెచ్చి దింపాడు. భాను ఆటోవాడితో నవ్వుతూ మాట్లాడాడు, నాయినకు వాకింగ్ ఎక్కువైంది అని. ఆ రాత్రి ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. గ్యాసు పొయ్యి ఆయన ఆపాక ఆమె వెళ్లి మళ్లీ చూస్తుంటే ఒకసారి పట్టుకున్నాడు. "నన్ను చూసుకొమ్మని వాడు చెప్పిండా బిడ్డా?" అని అడిగాడు, కోపంగా కూడా కాదు. ఆ గొంతు ఇంకోసారి వినడం ఆమె వల్ల కాదు. మరి ఇప్పుడు ఎలా అడగాలి? మామా, గ్రిప్పు తీసిన్రా? ఎంత చిన్న మాట. సబ్‌స్టేషన్‌లో రోజూ ఇంతకన్నా కటువైన మాటలు ఫోనులో అడుగుతుంది. నీ పేరేంది, ఏ ఫీడరు, మనుషులు దిగిండ్రా, మళ్లొకసారి చెప్పు అంటుంది. ఎవరూ అలగరు. యార్డులో అడగకపోవడం తప్పు, ఇంట్లో అడగడం తప్పు. ఇదే మాటను ఈ గుమ్మం లోపల పలికితే ఒక మనిషి ఇన్నేళ్లు దేని మీద నిలబడ్డాడో దాన్ని కింద నుంచి లాగినట్టవుతుంది.

తనే దిగి చూడవచ్చు. బోర్డు మెట్ల కిందే ఉంది. కానీ కుర్చీ గుమ్మానికి అడ్డంగా ఉంది, ఆయన కాళ్లు చాపుకుని ఉన్నాడు. దిగితే ఎందుకు దిగుతోందో ఆయనకు తెలుస్తుంది. ఇంద్రజ గ్లవ్ పక్కన పెట్టి లేచింది. "మామా, పాల ప్యాకెట్ తెస్త జెర." ఆయన కాళ్లు ముడుచుకోలేదు. "పాలు నేను పొద్దుగాలనే తెచ్చిన గద బిడ్డా. రెండు ప్యాకెట్లు. ఒకటి పొంగిచ్చినవు, ఒకటి ఫ్రిజ్జుల ఉంది." అక్షరాలా నిజం. పెరుగు కోసం ఉంచిన ప్యాకెట్ కూడా ఆయనకు గుర్తుంది. ఇంత గుర్తున్న మనిషి నలభై ఏళ్లు చేసిన పని మరిచిపోతాడా? చేతికి గుర్తుంటుంది, తలకు లేకపోయినా. భాను అన్నదీ అదే కదా. ఆమె మళ్లీ కూర్చుంది. కూర్చున్నందుకు మోకాళ్లకు హాయిగా అనిపించింది, ఆ హాయి చూసి భయమేసింది. పౌడరు డబ్బా తీసింది, మూత తిప్పింది, మళ్లీ పెట్టింది. భానుకు ఫోను చేసింది. మోగుతోంది, మోగుతోంది. పైకి ఎక్కేముందు ఫోను సంచిలో పెట్టి స్తంభం కింద వదిలేస్తాడు. అదీ ఆమె చెప్పిన అలవాటే.

రఘునాథ్ సారు గోడ మీద సుద్దతో గీసిన బొమ్మ కళ్లముందుకొచ్చింది. పైన పెద్ద లైను, దానికింద దాన్నుంచి చీలిన ఫీడరు లైన్లు, వాటికింద ట్రాన్స్‌ఫార్మర్లు, వాటికింద గల్లీలు, ఇళ్లు. ప్రతి మలుపులో ఒక గడి, అది ఒక స్విచ్చు లేదా ఫ్యూజు. తప్పు ఎక్కడ జరిగితే దానికి దగ్గరున్న గడే ముందు తెరుచుకోవాలె అమ్మా, అన్నాడు. ఇంట్లో తప్పుకు ఇంటి ఫ్యూజే పోవాలె. అది పోకపోతే గల్లీది పోతది, గల్లీది పట్టుకుంటే ఫీడరు పోతది, ఒక్కరు తమ పని చెయ్యకుంటే వాళ్ల పైనోళ్లు చెయ్యాల్సొస్తది, ఊరంతా చీకటైతది. రిలేకు చూసే పని, బ్రేకరుకు తెంచే పని. చూసి చెప్పని రిలే ఎందుకు? అప్పుడామె తలూపి పుస్తకంలో రాసుకుంది. ఇప్పుడు ఈ గదిలో దగ్గరున్న గడి ఎవరు? చూసింది తను. జేబు చూసింది. చూసి, పౌడరు డబ్బా మూత తిప్పుతోంది.  మామా, అంది. "ఊ?" అన్నాడాయన. టీ తాగుతరా, అంది. "గిప్పుడే తాగితిమి గద" అన్నాడు, కాస్త నవ్వి. "నువ్వు సుత మరిచిపోతున్నవ్ నా లెక్క."

ఆయనకు తెలుసు. ఆ సుతలో, నువ్వు కూడా అన్న ఆ మాటలో, ఇంద్రజకు అది దొరికిపోయింది. ఆయనకు తెలుసు, అందరూ తెలియనట్టు ఉన్నందుకు ఆయనా తెలియనట్టు ఉన్నాడు. అయితే అడగవచ్చు. అడిగితే ఆయన విరిగిపోడు. ఇప్పుడే అడుగుతాను, అనుకుంది. నోరు తెరిచింది. కింద తాడు గుంజిన చప్పుడు. గుర్ర్. ఆగింది. మళ్లీ తాడు. గుర్ర్ర్. దగ్గు. పుష్పమ్మ ఏదో తిట్టుకుంది. మూడోసారి పట్టుకుంది. టకటకమని గోడ సన్నగా అదిరింది. ఇంద్రజ తలెత్తి చూసింది. దుమ్ము గీత కిటికీ వైపే ఉంది. కిటికీ వైపే ఉంది. పై ఇంటికి వేరే మీటరు, వేరే తీగ. గ్రిప్పు తీసి ఉంటే ఈ ఫ్యానుకు జనరేటరుతో ఏ సంబంధమూ లేదు. గీత కిటికీ వైపు ఉంది, కిటికీ అంచు వైపు ఉంది, గోడ వైపు ఉంది. గీత కనిపించడం లేదు. జనరేటరు గొంతు మారింది. ఒక్క ఫ్రీజరు మోసే మిషన్ అలా మూలగదు. గల్లీలోని ఇళ్లన్నీ, వాళ్లు ఆపడం మరిచిపోయిన ఫ్యాన్లన్నీ, ఫ్రిజ్జులన్నీ దాని నెత్తిన ఎక్కాయి. ఫ్యాను నీరసంగా, తప్పు చేస్తున్నట్టు తిరుగుతోంది. ఫోను పేపరు మీద నల్లగా పడి ఉంది.

మామ కాళ్ల మీదినుంచి ఎలా దాటిందో తెలియదు. ఆయన మోకాలు తగిలింది, పౌడరు డబ్బా ఎక్కడో దొర్లింది. మెట్లు సన్నం, పక్క గోడకు అరచెయ్యి రాసుకుంటూ దిగుతోంది, పుష్పమ్మక్కా ఆపు అని అరుస్తోంది, ఆ గొంతు తనకే వినపడడం లేదు. సగం మెట్ల దగ్గర ఉండగా జనరేటరు ఒక్కసారి గట్టిగా గురక పెట్టి ఆగిపోయింది. ఎవరో దాని గొంతు పట్టుకుని నొక్కినట్టు ఆగిపోయింది. మూలుగుతూ మూలుగుతూ చావలేదు, ఒక్క దెబ్బకు పోయింది. ఇంద్రజ ఉన్న మెట్టు మీదే నిలబడింది. చదివిన చదువంతా తలలో ఒక్కచోటికి వచ్చి నిలిచింది. మనిషి మిషన్‌కు బరువు కాడు. తీగ మీద చెయ్యి పెట్టినవాడి ప్రాణం పోతుంది గానీ మిషన్‌కు ఏమీ తెలియదు, టకటకమని నడుస్తూనే ఉంటుంది. అంత హఠాత్తుగా దాన్ని ఆపాలంటే లోహం కావాలి. భూమిని పట్టుకున్న లోహం. లేదా ఇళ్ల బరువు ఎక్కువై చచ్చిందా? ఆమెకు వచ్చిన లెక్క అక్కడ ఆగిపోయింది.  గల్లీ చివర్లోంచి ఏదైనా వినపడాలి. కేక కావచ్చు, ఏడుపు కావచ్చు. స్టేషన్ గొంతు ఇంకా ఆ బండి గురించే చెబుతోంది.

"ఎవడ్రా వాడు జనరేటర్ పెట్టిందీ? దిమాగుందా? మనుషులు కనిపిస్తలేరా?" తర్వాత వచ్చినవి ఇంట్లో ఎవరూ పలకని బూతులు, ఒకదాని వెనక ఒకటి, వాళ్ల అమ్మల పేరు మీద, వాళ్ల అక్కల పేరు మీద. భాను గొంతు. ఇంద్రజ గోడకు ఆనుకుంది. ఆ తిట్లు ఆగకుండా ఉంటే బాగుండుననిపించింది. ఒక్కో తిట్టూ ఒక్కో ఊపిరి. తిట్టే మనిషి నోరు, ఊపిరితిత్తులు, కాళ్లు అన్నీ ఉన్నాయన్నమాట. మిగతా మెట్లు దిగేసరికి పాల బూతులో పుష్పమ్మ తాడు చేతిలోనే పట్టుకుని బొమ్మలా ఉంది. "నేనేం జేసినమ్మా? సదాశివన్ననే అంతా పెట్టిండు. నేను తాడు గుంజిన గంతే." మెట్ల కింద బోర్డు మూత తెరిచే ఉంది. గ్రిప్పు దాని చోట దర్జాగా కూర్చుని ఉంది, తెల్లగా, ఎవరి చెయ్యీ తగలనట్టు. ఇంద్రజ దాన్ని గుంజింది. కొద్దిగా వెచ్చగా ఉంది. పిడికిలి మూసింది, చున్నీ కొస పిడికిలి మీదికి వచ్చింది, కావాలని లాక్కుందో అదే వచ్చిందో ఆమెకే తెలియదు.

పైకి వచ్చేసరికి మామ కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె వెనకే భాను రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. చేతిలో గొలుసుంది. రాగి బిగింపు ఒక పక్కంతా నల్లబడి, ముత్యంలా కరిగి ఉంది. అతను ఇల్లు చేరేలోపే ఎవరి జనరేటరో అర్థం చేసుకున్నాడు, అందుకే గుమ్మంలోకి వచ్చాక తిట్లు లేవు. "పోలు మారినం నాయినా" అన్నాడు మెల్లగా, రొప్పుతూ. "గొలుసు విప్పి ఇవతలికి తెచ్చిన. మనోళ్లు నవ్విన్రు, మళ్లెందుకురా అని. సరే అని ఎక్కపోయిన. మళ్లీ ఏమనుకున్ననో, దిగి ముందు తగిలిచ్చిన. నిప్పులు లేచినయ్." ఒక్క క్షణం ఇంద్రజ వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "నాయినా, గ్రిప్పు?"

"జేబుల ఉంది" అన్నాడు సదాశివ. చెయ్యి ఎడమ జేబు మీదికి పోయింది. టెస్టరు తగిలింది. టెస్టరు పక్కకు జరిపి వేళ్లు లోపలికి పెట్టాడు. ప్యాంటు జేబులు చూసుకున్నాడు, కుడివైపు, ఎడమవైపు. మళ్లీ చొక్కా జేబు. వంగి కుర్చీ కింద చూశాడు. ఆ వేళ్లు వెతుకుతున్న తీరు ఇంద్రజ చూడలేకపోయింది, అయినా చూసింది. భాను గొలుసు గచ్చు మీద పెట్టాడు. "మెట్ల మీద పడ్డదేమో నాయినా" అన్నాడు. "వచ్చేటప్పుడు జారి ఉంటది. నేను చూస్త తియ్." చావు అంచునుంచి వచ్చిన మనిషి ఆ అబద్ధాన్ని తండ్రి ముందు ఎంత మెత్తగా పరిచాడో, దాని మీద ఆయన నిలబడడానికి ఎంత చోటుందో ఆమెకు కనిపించింది. భాను ఆమె పిడికిలి చూశాడు. చున్నీ కింద అది గుండ్రంగా ఉంది. అతని కళ్లు అడుగుతున్నాయి. ఒక్క మాట చాలు, మెట్ల మీద దొరికింది మామా అంటే చాలు. అన్నం వండుకోవచ్చు. సాయంత్రం ఆయన మళ్లీ ఖాకీ చొక్కా వేసుకోవచ్చు. రేపు కరెంటు పోతే పుష్పమ్మ మళ్లీ పిలవవచ్చు. రేపు స్తంభం మీద భాను కాకుండా ఇంకొకరి కొడుకు ఉండవచ్చు, అతని దగ్గర గొలుసు లేకపోవచ్చు.

చున్నీ తీసి, గ్రిప్పును పేపరు మీద గ్లవ్స్ పక్కన పెట్టింది. చైనామట్టి గచ్చుకు తగిలి చిన్న చప్పుడైంది. "బోర్డులనే ఉండె మామా. మీరు తియ్యలే. ఇప్పుడు నేను తీసిన."  సబ్‌స్టేషన్ ఫోనులో మాట్లాడే గొంతే వచ్చింది, అందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆగి, ఇంకో మాట కూడా అంది, ఎందుకంటే అది చెప్పకపోతే చెప్పిందంతా సగమే అవుతుంది. "మీ జేబు ఖాళీ ఉండుడు నేను చూసిన. అడగలే."

"ఇందూ" అన్నాడు భాను, అదిలించినట్టు. కింద గల్లీలోంచి జట్టువాళ్లు అరుస్తున్నారు, "భానన్నా, వస్తున్నవా, ఎండల మాడుతున్నం." సదాశివ వంగి గ్రిప్పు తీసుకున్నాడు. మోకాళ్లు పట్టుకుని లేచాడు. దాన్ని వెలుతురు వైపు తిప్పి, లోపలి సన్నటి తీగను బొటనవేలితో తడిమి చూశాడు, తెగిందా లేదా అని. తెగలేదు.  తర్వాత కొడుకు దగ్గరికి వచ్చి, అతని ఖాకీ చొక్కా ఎడమ జేబు నోరు రెండు వేళ్లతో తెరిచి, గ్రిప్పును అందులోకి జారవిడిచాడు. జేబు కిందికి వేలాడింది. దాని మీద అరచేత్తో ఒకసారి తట్టాడు, చిన్నపిల్లాడి జేబులో చిల్లర వేసి పడేసుకోకు అని తట్టినట్టు. 

ఆయన కిటికీ పక్క మేకుకు తగిలించిన కటింగ్ ప్లేయరు తీసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. ఇద్దరిలో ఎవరినీ చూడలేదు. మెట్లు దిగిపోయాడు. వాళ్లిద్దరూ గదిలో నిలబడే విన్నారు. బూతులో సాకెట్టులోంచి ఆ రెండు ప్లగ్గుల వైరు ఊడదీసిన చప్పుడు. "ఏందన్నా, గట్ల కోస్తున్నవ్?" అని పుష్పమ్మ.  ప్లేయరు కటుక్కుమంది, ఇంకోసారి కటుక్కుమంది. తర్వాత గేటు గొళ్లెం. చెప్పుల చప్పుడు గేటు బయట ఆగింది. ఎడమకు పోతే పెద్ద రోడ్డు, ఆటోలు, బోయిగూడ. కుడికి పోతే జట్టు పని చేస్తున్న స్తంభం. ఇంద్రజ గ్లవ్‌కు చెవి ఆనించినట్టు ఆ నిశ్శబ్దానికి చెవి ఆనించింది. చెప్పులు కుడివైపు తిరిగాయి.